తేటపలుకు

‘మా తాతగారికి కళ్ళు సరిగా కనబడుట లేదు’ అని చెప్పబోయి ఒక చిన్న బాలుడు, ‘మా తాతగారికి కల్లు సరిగా కనబడుట లేదు’ అనెననుకొనుడు. తరగతిలోని వారందఱు గొల్లున నవ్వుదురు. ఆ నవ్వు ఒక నిమిషములో ముగియును. నవ్వినవారు దానిని మఱచిపోవుదురు. నవ్వులపాలైన బాలుడు మాత్రము మఱచిపోడు. మఱునాడు ఉపాధ్యాయుడు ప్రశ్న వేసినప్పుడు సమాధానము తెలిసియు చేయి యెత్తడు. పాఠము చదువుమన్నచో గొంతు పెగలదు. పద్యము కంఠస్థమై యుండియు రాదనును. కొంతకాలమునకు ఆ బాలుడు మందమతియని ఇతరులు తలంతురు. అంతకంటె అన్యాయమేమనగా, తానును అట్లే తలంచును. దోషమున్నది ఒక్క ‘ళ’కారమునందు, దండన పడినది చదువంతటికిని.

బాలబాలికలారా! మీలో అనేకులకు ఇంట తమ్ములు, చెల్లెండ్రు ఉందురు. మీ పాఠశాలలోనే చిన్న తరగతుల పిల్లలు కలరు. వారు మీ మాటను విని, మీ నోటిని చూచి, మిమ్ము అనుకరింతురు. వారి పలుకును దిద్దుటకు మీకున్న అవకాశము పెద్దలకు సయితము లేదు. స్పష్టోచ్చారణము పుట్టుకతో వచ్చు వరము కాదు. ఈదుటవలె, వీణ వాయించుటవలె, అది నేర్చుకొనదగిన విద్య. దానిని నేర్పు తీరు ఎట్టిదో, ఎప్పుడు దిద్దవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో, ఎప్పుడు వైద్యుని సాయము కోరవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

ఒక్క ధ్వని మాఱినంత మాత్రమున ఏమి నష్టమని కొందఱడుగుదురు. ధ్వని మాఱినచో అర్థము మాఱును. ‘కల’ నిద్రలో వచ్చునది. ‘కళ’ సాధనచే వచ్చునది. ‘కరము’ అనగా చేయి. ‘ఖరము’ అనగా గాడిద. ‘శరము’ వింటినుండి వెడలు బాణము. ‘సరము’ మెడలో వేసికొను హారము. ‘దార’ అనగా భార్య. ‘ధార’ అనగా ప్రవాహము. ‘శకలము’ అనగా ముక్క. ‘సకలము’ అనగా సమస్తము. ముక్కకును మొత్తమునకును నడుమ నున్న భేదము ఒక్క అక్షరమే! మన భాషలో ‘ఇల్లు’ అన్నచో ఒకటి. ‘ఇళ్ళు’ అన్నచో అనేకములు. ‘ముల్లు’ అన్నచో ఒకటి. ‘ముళ్ళు’ అన్నచో పెక్కు. ఏకవచనమును బహువచనమునుండి వేఱుచేయు భారము ఇచ్చట నాలుక కొనమీదనే యున్నది.

ఇక ధ్వని పుట్టు విధమును చూతము. ఊపిరితిత్తులనుండి వెలువడు గాలియే పలుకునకు మూలద్రవ్యము. ఆ గాలి గొంతులోని స్వరతంత్రులను దాటి, నోటిలోనికి వచ్చి, నాలుక, దంతములు, అంగిలి, పెదవులు అనువాని నడుమ మలచబడి ధ్వని యగుచున్నది. కుమ్మరి చేతిలోని మన్ను ఒక్కటియే. చేతి ఒత్తిడిని బట్టి అది కుండ యగును, మూకుడగును, ప్రమిద యగును. గాలియు అట్టిదే. నాలుక దానికి కుమ్మరి చేయి.

ఈ మాటను నమ్ముటకు మూడు చిన్న ప్రయోగములు చేయుడు. మొదటిది: రెండు వ్రేళ్ళను గొంతుమీద మెల్లగా ఆనించి, పాము బుసకొట్టినట్లు ‘స్’ అను ధ్వనిని సాగదీయుడు. వ్రేళ్ళకు ఏమియు తెలియదు. తరువాత పెదవులు మూసి ‘మ్’ అని సాగదీయుడు. వ్రేళ్ళక్రింద తుమ్మెద ఝంకారమువంటి కదలిక తెలియును. స్వరతంత్రులు కంపించిన ధ్వని నాదము గలది. కంపింపని ధ్వని నాదము లేనిది. రెండవది: సన్నని కాగితపు ముక్కను పెదవుల యెదుట పట్టుకొని ‘ప’ యనుడు. కాగితము అంతగా కదలదు. ‘ఫ’ యనుడు. అది రెపరెపలాడును. ఒత్తక్షరమున ఊపిరి అధికముగా వెలువడుటయే దీనికి కారణము. మూడవది: ముక్కును వ్రేళ్ళతో మూసికొని ‘మామ’ యనుడు. అది ‘బాబ’ వలె వినబడును. ‘మ’కారమున గాలి ముక్కుగుండ పోవలెను, ఆ దారి మూసివేసినచో అది ‘బ’కారమునకు దగ్గఱ యగును. జలుబు చేసినవాడు ‘అమ్మ’ యన్నచో ‘అబ్బ’ వలె తోచుట ఇందుచేతనే.

మీరు మొదటి తరగతిలో నేర్చిన వర్ణమాలను ఇప్పుడు మఱల తలచుకొనుడు. క, చ, ట, త, ప అని మెల్లగా పలుకుచు, నాలుక ఎచ్చట తగులుచున్నదో గమనింపుడు. ‘క’ యన్నప్పుడు నాలుక వెనుకభాగము లేచి అంగిలి వెనుకప్రక్కను తాకును. ‘చ’ యన్నప్పుడు నాలుక నడిమిభాగము అంగిలిని తాకును. ‘ట’ యన్నప్పుడు నాలుక కొన పైకి మడిగి అంగిలి కప్పును తాకును. ‘త’ యన్నప్పుడు కొన దంతములను తాకును. ‘ప’ యన్నప్పుడు నాలుకతో పనిలేదు; పెదవులు రెండును కలియును. గొంతునుండి పెదవులవఱకు ఐదు మెట్లు! వీనినే మన వైయాకరణులు కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అనిరి.

ప్రతి వరుసయందును ఐదేసి అక్షరములు కలవు. మొదటిది నాదము లేనిది, అది పరుషము. రెండవది దానికి ఊపిరి చేర్చినది. మూడవది నాదము గలది, అది సరళము. నాల్గవది దానికి ఊపిరి చేర్చినది. ఐదవది ముక్కుతో పలుకునది, అది అనునాసికము. ఐదు వరుసలు, ఐదు నిలువులు, మొత్తము 25 అక్షరములు. ఈ పట్టిక నోటి లోపలి భాగమునకు గీసిన పటము. ఊరి పటము చేతనున్నవాడు దారి తప్పినవానిని సులభముగా ఇల్లు చేర్చునట్లు, ఈ పటము తెలిసినవాడు తప్పిన ధ్వనిని దాని స్థానమునకు చేర్పగలడు.

ఉదాహరణమునకు, ఒక చిన్నది ‘కాకి’ యనుటకు ‘తాతి’ యనుచున్నదనుకొనుడు. ఆమె మాట మొత్తము చెడినదని తోచును. పటమును చూడుడు. ‘క’యు పరుషమే, ‘త’యు పరుషమే. నాదము విషయమున తప్పులేదు. ఊపిరి విషయమున తప్పులేదు. గాలిని ఆపి విడుచుటలో తప్పులేదు. తప్పినది స్థానమొక్కటియే. నాలుక వెనుక లేవవలసినచోట ముందు లేచినది. మూడువంతులు సరిగా చేసి ఒకవంతు తప్పిన పిల్లను ‘నీకు మాటలు రావు’ అనుట ఎంత తప్పు!

పసివారి నోట ధ్వనులన్నియు ఒక్కమాఱుగా కుదురవు. పెదవులతో పలుకు ప, బ, మలును, త, న వంటివియు సాధారణముగా ముందు వచ్చును. మన భాషలో ఇంటివారిని పిలుచు మాటలను చూడుడు: అమ్మ, నాన్న, అత్త, మామ, తాత. పసివారితో ఆడు మాటలను చూడుడు: బువ్వ, పాప. అన్నియు లేనోటికి తేలికగా పలుకునవే. ర, ళ, శ, ష మొదలగునవి ఆలస్యముగా కుదురును. అందఱు పిల్లలకు ఒకే యీడున కుదురవు. కావున మూడేండ్ల తమ్ముడు ‘రాముడు’ అనుటకు ‘లాముడు’ అన్నచో దిగులుపడ పనిలేదు, బలవంతముగా దిద్దనక్కఱయు లేదు. అయితే ముద్దుగా నున్నదని పెద్దలందఱు వానితో ‘లాముడు’ అని పలుకుట మంచిది కాదు. వాడు వినవలసినది సరియైన మాట. వినబడనిదానిని ఎవ్వరును నేర్వజాలరు.

ఇచ్చట మఱొక భేదమును గుర్తింపవలెను. ఒక సీమవారు ‘వచ్చిండు’ అందురు, మఱొక సీమవారు ‘వచ్చినాడు’ అందురు, ఇంకొక సీమవారు ‘వచ్చాడు’ అందురు. ఇవి దోషములు కావు. ఇది యాస, అనగా తల్లిదండ్రులనుండి, ఊరినుండి వచ్చిన పలుకుబడి. ఇంటిలో మఱొక భాష మాటలాడు పిల్లలు బడిలో తెలుగు నేర్చునప్పుడు తమ భాష తీరును కొంత వెంటబెట్టుకొని వత్తురు. అదియు దోషము కాదు. గ్రంథమును చదువునప్పుడు, సభలో మాటలాడునప్పుడు అందఱికి తెలియు ఉచ్చారణమును నేర్చుకొనవలెను. అంతమాత్రమున ఇంటి పలుకును విడువనక్కఱ లేదు. ఒకరి యాసను పరిహసించుట వారి తల్లిని పరిహసించుటతో సమానము.

ఇక దిద్దు విధమును చెప్పెదను. బడి యీడు వచ్చిన తమ్ముడు ‘ర’కారమునకు ‘ల’కారము పలుకుచున్నాడనుకొనుడు. మొట్టమొదట వాని చెవిని పరీక్షింపుడు. మీరు ‘రాయి’, ‘లాయి’ అని ఒకదాని తరువాత నొకటి పలికి, సరియైన మాట వినబడినప్పుడు చప్పట్లు కొట్టుమనుడు. ఇది వానికి ఆటగా నుండును. భేదము చెవికి తెలియనిదే నాలుకకు తెలియదు. చెవి కుదిరిన పిమ్మట అద్దము ముందు కూర్చుండుడు. మీ నోరును వాని నోరును ప్రక్కప్రక్కన కనబడవలెను. నాలుక ఎచ్చట నుంచవలెనో చూపుడు. తరువాత ధ్వనిని మాత్రము పలికింపుడు. అది వచ్చిన పిమ్మట అచ్చులతో చేర్చి ‘ర, రా, రి, రీ, రు, రూ’ అనిపింపుడు. పిమ్మట ‘రవి, రాజు, రొట్టె’ వంటి పదములలో మొదట నున్న రేఫము. అటుపిమ్మట ‘మారుతి, కూర, చీర’ వంటి పదములలో నడుమను, కడను ఉన్న రేఫము. కడపట వాక్యము, సంభాషణము. ఒక మెట్టు గట్టిపడనిదే రెండవ మెట్టు ఎక్కవలదు. దినమునకు పది నిమిషములు చాలును. ఒక్కనాడు రెండు గంటలు కూర్చుండబెట్టి, వారము దినములు మానివేయుటవలన ఫలము లేదు.

అభ్యాసవేళ కానప్పుడు వాడు ‘అక్కా, నాకు లొట్టె కావలెను’ అన్నచో, ‘లొట్టె కాదు, రొట్టె యనుము, లేకున్న ఇయ్యను’ అని బెదరింపకుడు. ‘రొట్టె కావలెనా? ఇదిగో రొట్టె’ అని ఇచ్చివేయుడు. సరియైన ధ్వని రెండుమాఱులు వాని చెవిని పడినది, రొట్టెయు చేతికి వచ్చినది, మనస్సు నొవ్వలేదు. ఆకలితో నున్నవానికి ఉచ్చారణ పాఠము రుచింపదు గదా!

కష్టమైన కొన్ని ధ్వనులను వేఱువేఱుగా చూతము. ‘ర’కారమునకు నాలుక కొన పై దంతముల వెనుకనున్న చిగురును తేలికగా, వేగముగా తాకి వదలవలెను. ‘ల’కారమున కొన అచ్చటనే నిలిచి, గాలి ఇరుప్రక్కలనుండి పోవును. రెంటికిని స్థానము దగ్గఱయగుటచే పిల్లలు ఒకదానికి మఱొకటి పలుకుదురు. ‘ద, ద, ద, ద’ అని వేగముగా అనిపించుచు, నాలుక కొనను కొంచెము పైకి జరిపి, తాకుడును తేలికచేయుమనుడు. కొన్నినాళ్ళ అభ్యాసమున రేఫము మెల్లగా మేల్కొనును. ‘చిత్రము, పత్రము, నిద్ర’ వంటి పదములు దీనికి సహాయపడును. తకార దకారములు నాలుకను సరియైన చోటికి ముందే తీసికొనిపోవును.

‘ళ, ణ’ అనునవి మూర్ధన్యములు. నాలుక కొనను ‘ట’కారమునకు వలె పైకి మడవవలెను. అద్దములో చూచినచో ‘ల’ పలుకునప్పుడు నాలుక కొన దంతములయొద్ద కనబడును. ‘ళ’ పలుకునప్పుడు నాలుక అడుగుభాగము కనబడును. ‘ట, డ, ణ’ అని ముందు పలికి, నాలుకను దింపక ‘ళ’ యనుడు. పిదప ఈ వాక్యమును చదువుడు: ‘ఇల్లు ఇల్లు తిరిగి ఇళ్ళన్నియు చూచితిని; ముల్లు ముల్లు ఏఱి ముళ్ళన్నియు పాఱవైచితిని.’ మొదట మెల్లగా చదివి, తప్పు లేకున్నప్పుడే వేగము పెంచుడు.

శ, ష, స అను మూడింటిని ఒక్కటిగా పలుకుట పెద్దవారియందును కలదు. ‘స’కారమునకు నాలుక కొన దంతముల చేరువనుండును, గాలి సన్నని దారిలో బుసవలె పోవును. ‘శ’కారము తాలవ్యము, ‘చ’ పలుకు చోటనే నాలుక నడిమిభాగము అంగిలికి దగ్గఱగా లేవవలెను, తాకరాదు. ‘ష’కారము మూర్ధన్యము, ‘ట’కారమునకు వలె నాలుక కొన పైకి మడిగి, అంగిలిని తాకక నిలువవలెను. ‘స, శ, ష’ అని వరుసగా సాగదీసి పలుకుచో, నాలుక ముందునుండి వెనుకకు జరుగుట మీకే తెలియును. ‘శేషయ్య సంతోషముతో శంఖమునూది సభను శాంతపఱచెను’ అను వాక్యము ఈ మూడింటికిని మంచి పరీక్ష.

ఒత్తక్షరముల మాట వేఱు. అచ్చ తెలుగు మాటలలో ఖ, ఘ, ఛ, ఝ మొదలైన వర్ణములు సాధారణముగా లేవు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున పరవస్తు చిన్నయసూరి సంస్కృతమునకు 50 వర్ణములును, తెలుగునకు 36 వర్ణములును లెక్కించెను. భారతము, ధనము, ఫలము, ఘటము వంటి సంస్కృత పదములతోపాటు ఆ వర్ణములు మన నోటికి వచ్చినవి. కావున పల్లెటూరి పిల్లవాడు ‘బారతము’ అన్నచో అది సోమరితనము కాదు. వాని చెవిని ఆ ధ్వని తఱచుగా పడలేదన్నమాట. కాగితపు ముక్క ప్రయోగమును వానికి చూపుడు. కాగితము కదలునట్లు ‘భా’ యనుట ఆటవలె నేర్చుకొనును. ‘ఫ’కారమున మఱొక జాగ్రత్త కావలెను. ‘ఫోను’, ‘ఫ్యాను’ అను ఆంగ్ల పదములలో క్రింది పెదవి పై దంతములను తాకును. ‘ఫలము’, ‘ఫాలము’ అను పదములలో ‘ప’కారమునకు వలె రెండు పెదవులును కలిసి విడిపోవలెను. నేడు చదువుకొన్నవారు సయితము ఈ రెంటిని కలిపివేయుచున్నారు.

సంయుక్తాక్షరములు పిల్లలకు బరువు. ‘పుస్తకము’ను ‘పుత్తకము’ అందురు. ‘స్కూలు’ను ‘ఇస్కూలు’ అందురు. పెద్ద చెఱకుగడను ఒక్కమాఱుగా కొఱుకలేము. కణుపునకు కణుపు విఱిచికొని తిందుము. మాటనుగూడ అట్లే విఱువవలెను. ‘పుస్’ అని ఆగి, ‘తకము’ అనిపింపుడు. ‘రాష్’ అని ఆగి, ‘ట్రము’ అనిపింపుడు. నడుమ విరామమును దినదినము తగ్గించినచో రెండు ముక్కలును తామే కలిసికొనును.

అభ్యాసము ఎంతటి పని చేయునో చెప్పుటకు ప్రాచీన గ్రీసుదేశపు డెమొస్తనీసు చరిత్రము ప్రసిద్ధము. ఈయన క్రీస్తునకు పూర్వము 384లో ఆథెన్సు నగరమున జన్మించెను. మొదట సభలో మాటలాడినప్పుడు జనులు పరిహసించిరట. ఆయనకు ఊపిరి చాలకుండెడిది. పలుకు స్పష్టముగా నుండెడిది కాదు. గ్రీకు భాషలో వక్తృత్వ విద్యకు గల పేరు రేఫముతో మొదలగును. తాను నేర్వగోరిన విద్య పేరులోని మొదటి అక్షరమే ఆయనకు పలుకకుండెనని రోమను వక్త సిసిరో వ్రాసెను. నోట గులకరాళ్ళు ఉంచుకొని మాటలాడెననియు, కొండ యెక్కుచు ఉపన్యసించెననియు, నిలువుటద్దము ముందు అభ్యసించెననియు ప్లూటార్కు చెప్పెను. తుదకు ఆయన గ్రీకు వక్తలలో అగ్రగణ్యుడయ్యెను. మీరు మాత్రము నోట రాళ్ళు ఉంచుకొనకుడు. అవి గొంతున అడ్డుపడి ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఆయననుండి గ్రహింపవలసినది రాళ్ళను కాదు, పట్టుదలను.

మన దేశమున ఉచ్చారణమునకై శిక్షాశాస్త్రము ప్రత్యేకముగా వెలసినది. వేదాంగములు ఆఱింటిలో అది యొకటి. పాణినీయ శిక్షయందు ఒక చక్కని ఉపమానము కలదు. ఆడుపులి తన కూనలను నోట కఱచుకొని పోవునప్పుడు, కోఱలు గ్రుచ్చుకొనకుండునట్లును, కూన జాఱిపడకుండునట్లును పట్టుకొనును. అక్షరమునుగూడ అట్లే, నొక్కి నలుపకయు, జాఱవిడువకయు పలుకవలెనట. పలుకువాడు అక్షరమును పట్టుకొను తీరునకు చెప్పిన ఈ మాట, దిద్దువాడు పిల్లవానిని పట్టుకొను తీరునకును చెల్లును. మిక్కిలి నొక్కినచో మనస్సు గాయపడును. పట్టించుకొనకున్నచో పలుకు జాఱిపోవును.

కొన్ని దోషములు అభ్యాసముతో మాత్రమే పోవు. పిల్లవానికి చెవులు సరిగా వినబడకపోయినచో పలుకును సరిగా రాదు. స, శ వంటి ధ్వనులు సన్ననివి. కొద్దిపాటి వినికిడిలోపమున్నను అవి మొదట జాఱిపోవచ్చును. మాటిమాటికి చెవినుండి చీము కారుచున్నను, పిలిచినప్పుడు పలుకకున్నను, రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి పలుకకున్నను, నాలుగేండ్లు నిండినను పరాయివారికి మాట అర్థము కాకున్నను, ముందు వినికిడి పరీక్ష చేయింపవలెను. గ్రహణము మొఱ్ఱితో పుట్టిన బిడ్డకు పెదవి, అంగిలి చీలియుండుటచే గాలి ముక్కులోనికి పోవును. ఇది గ్రహణమువలన వచ్చునదని కొందఱు నమ్ముదురు. అది నిజము కాదు. శస్త్రచికిత్సచే ఆ చీలికను కలుపుదురు. తరువాత ఉచ్చారణమునకు శిక్షణ ఇత్తురు. నాలుకకు వస రాచినచో మాటలు వచ్చునను ఆచారము మన పల్లెలలో కలదు. దానివలన మాటలు రావు. పసిబిడ్డకు హాని కలుగవచ్చును. ఇంటిలో ఎవరును నాలుక క్రింది పొరను కోయ యత్నింపరాదు. మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయందును, ముంబయి కేంద్రముగా 1983లో ఏర్పడిన ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో గల ప్రాంతీయ కేంద్రమునందును ఇట్టి పరీక్షలు, శిక్షణ కలవు. పెద్ద ఆసుపత్రులలోను వాక్చికిత్సకులు ఉందురు.

నత్తి వేఱొక విషయము. నత్తిగలవానికి ధ్వనులన్నియు తెలియును. మాట వెలువడుటలో తడబాటు కలుగును. వాని మాటను మీరు పూర్తిచేయకుడు. ‘త్వరగా చెప్పు’ అని తొందరపెట్టకుడు. వాని ముఖమును చూచుచు, వాడు చెప్పు విషయమును వినుడు. వినువాని ఓర్పు చెప్పువానికి బలము. ఇక పుట్టుచెవుడు గలవారిలో అనేకులు చేతులతో సంజ్ఞాభాష మాటలాడుదురు. అదియు వ్యాకరణము గల సంపూర్ణ భాషయే. నోట ధ్వని రానివారికి బుద్ధి లేదనుట అవివేకము.

విద్యార్థులారా! పలుకు తేటపడుటకు కావలసిన వస్తువులు స్వల్పములు: ఒక అద్దము, ఒక కాగితపు ముక్క, దినమునకు పది నిమిషములు, ఎగతాళి చేయని ఒక తోడు. మొదటి మూడును ఏ యింటనైన దొరకును. నాల్గవది మీరే కావలెను. మీ తరగతిలో ఎవ్వరైన తడబడినప్పుడు నవ్వు పెదవులదాక వచ్చును. దానిని అచ్చటనే ఆపి, అతడు వాక్యమును ముగించువఱకు వేచియుండుడు. చేయి యెత్తుట మానిన బాలుడు మఱల చేయి యెత్తు దినము ఆ ఓపికనుండియే పుట్టును.

అభ్యాసము

1. ధ్వని మాఱినచో అర్థము మాఱునని తెలుపు జంట పదములను ఈ పాఠమునందలివి గాక మఱి నాలుగు వ్రాయుడు.

2. వర్ణమాలను ‘నోటి లోపలి పటము’ అనుటకు కారణమేమి?

3. ‘కాకి’ యనుటకు ‘తాతి’ యన్న పిల్ల చేసిన తప్పెంత? సరిగా చేసినదెంత?

4. యాసకును, ఉచ్చారణ దోషమునకును గల భేదమును మీ సొంత మాటలలో వివరింపుడు.

5. ఆడుపులి ఉపమానమును, దానినుండి దిద్దువాడు నేర్వదగిన నీతిని తెలుపుడు.

6. అద్దము ముందు కూర్చుండి ల, ళ, న, ణ, స, శ, ష అను ధ్వనులను పలికి, ప్రతిదానియందును నాలుక ఎచ్చట నున్నదో పట్టికగా వ్రాయుడు.